శునక శిక్షణ

తెలుగు సామెతలలో శునకానికి దక్కినంత అపకీర్తి బహుశా మరే పెంపుడు జంతువుకూ దక్కలేదు. దాని తోక వంకర తీర్చరానిదన్న మాట పండితుల నుంచి పామరుల వరకు అందరి నోటా వినిపిస్తుంది. సింహాసనం ఎక్కించినా శునకం తన సహజగుణాన్ని విడువదని సుమతీ శతకకారుడు చెప్పిన నీతి చిన్న తరగతులలోనే విద్యార్థులకు కంఠస్థమవుతుంది. అదే సాహిత్యంలో, తన వెంట నడచి వచ్చిన శునకాన్ని విడిచి స్వర్గరథం ఎక్కనని నిలిచిన ధర్మరాజు కథ కూడా ఉన్నది. సామెతల గురి నిజానికి శునకం మీద కాదు, మారని మనుషుల మీద. అయినా చాలా ఇళ్లలో వాటిని అక్షరాలా నమ్ముతారు. జంతువుకు ఏం తెలుస్తుంది, ఎంత చెప్పినా వినదు అని తీర్మానించి నేర్పే ప్రయత్నమే మానుకొంటారు.

ఆ తీర్మానానికి మూల్యం చెల్లించేది శునకమే. ముచ్చటపడి తెచ్చుకొన్న కూన ఆరేడు నెలలు తిరిగేసరికి పెద్దదవుతుంది. ఇంటికి వచ్చినవారి మీదికి ఎగబాకుతుంది, చెప్పులు కొరుకుతుంది, గేటు తెరిచిన మరుక్షణం రోడ్డు మీదికి దూకుతుంది. చిన్నప్పుడు నవ్వు తెప్పించిన చేష్టలే అప్పుడు విసుగు పుట్టిస్తాయి. దానితో గొలుసు వస్తుంది. మొదట చుట్టాలు ఉన్నంతసేపు, తరువాత పగలంతా, ఆ తరువాత ఎప్పుడూ. కట్టివేసిన శునకానికి మొరుగుడూ కోపమూ పెరుగుతాయి. ఆ కోపాన్ని చూసి యజమాని గొలుసును మరింత కురచ చేస్తాడు. కొన్నిటి కథ ఊరి పొలిమేరలో వదిలివేయడంతో ముగుస్తుంది. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నివారించడానికి 1960లో మన దేశం చేసిన చట్టం, మరీ కురచైన లేదా బరువైన గొలుసుతో జంతువును చాలాసేపు కట్టి ఉంచడాన్నీ, నిత్యం కట్టి ఉంచే శునకాన్ని తగినంత తిప్పకపోవడాన్నీ, ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలివేయడాన్నీ నేరాలుగా పేర్కొన్నది. అయితే చట్టం దాకా పోనక్కరలేని మార్గం ఒకటి ఉన్నది. పిలిస్తే వచ్చే శునకానికి, ఆగమంటే ఆగే శునకానికి గొలుసుతో పని తక్కువ. శిక్షణను కేవలం వినోదంగా, అతిథుల ముందు చేయించే ప్రదర్శనగా భావించేవారు ఈ సంగతిని మరచిపోతారు.

పెంపుడు శునకానికి నేర్పవలసిన ప్రాథమిక ఆజ్ఞలు ఐదారుకు మించవు. కూర్చోవడం, పడుకోవడం, ఉన్నచోటనే ఉండడం, పిలిస్తే రావడం, నోట కరచుకొన్నదాన్ని విడవడం, లాగకుండా పక్కన నడవడం. వీటిలో ఏదీ శునకానికి కొత్త కాదు. పుట్టిన కొద్ది వారాలకే అది కూర్చుంటుంది, పడుకొంటుంది, పిలవకుండానే పరుగెత్తి వస్తుంది. నేర్పవలసినది ఆ పనిని కాదు. ఆ పనికి ఒక మాట ఉన్నదనీ, ఆ మాట వినబడినప్పుడు ఆ పని చేస్తే తనకు మేలు కలుగుతుందనీ. తోక వంకర తీర్చే ప్రయత్నం ఇందులో ఎక్కడా లేదు.

మానవుడు మచ్చిక చేసుకొన్న జంతువులలో శునకమే మొదటిది. ఆవు, మేక, గొర్రె వ్యవసాయంతో వచ్చినవి. శునకం వేట కాలంలోనే మనిషి పక్కకు చేరింది. జర్మనీలో బాన్ నగరానికి చేరువన ఉన్న ఒబెర్కాసెల్ అనే చోట 1914లో ఒక పురాతన సమాధి బయటపడింది. అందులో స్త్రీ పురుషుల అస్థికలతో పాటు ఒక శునకపు కూన ఎముకలు కూడా ఉన్నాయి. ఆ సమాధి వయస్సు సుమారు 14 వేల సంవత్సరాలు. ఇంతటి సహవాసం శునకం స్వభావంలో ఒక విశేషాన్ని మిగిల్చింది. బోర్లించిన రెండు గిన్నెలలో ఒకదాని కింద ఆహారాన్ని దాచి, మనిషి వేలితో చూపితే, శునకం ఆ వేలు చూపిన గిన్నె వద్దకే పోతుంది. 1998లో హంగరీలోనూ అమెరికాలోనూ వేర్వేరుగా జరిగిన పరిశోధనలు ఈ సంగతిని వెల్లడించాయి. మనిషికి అతి దగ్గరి బంధువైన చింపాంజీ ఈ పరీక్షలో శునకం కంటే వెనుకబడిందని 2002లో వెలువడిన మరొక పరిశోధన తెలిపింది. మనిషి చేతినీ ముఖాన్నీ గమనించే గుణం శునకానికి జన్మతః వచ్చినదే. శిక్షకుడికి ఇంతకంటే మంచి పెట్టుబడి లేదు.

కొల్లేటి పరిసరాలలో జోనంగి అనే నాటు జాతి ఒకటి ఉన్నది. పొట్టి వెంట్రుకలతో, సన్నని దేహంతో ఉండే ఈ శునకాలు బాతుల మందలను తోలడానికి పనికివచ్చేవి. బాతులను కరవకుండా, చెదరగొట్టకుండా, కాపరి మాటను బట్టి అటూ ఇటూ మళ్లించడం సామాన్యమైన పని కాదు. ఆ కాపరులు ఏ పుస్తకమూ చూసి నేర్పలేదు. నేడు హైదరాబాదు సమీపంలోని మొయినాబాదులో పోలీసు శాఖ నడిపే కేంద్రంలో, మధ్యప్రదేశ్‌లోని టేకన్‌పూర్‌లో సరిహద్దు భద్రతా దళం నడిపే కేంద్రంలో, మీరట్‌లోని సైనిక కేంద్రంలో శునకాలు పేలుడు పదార్థాల వాసన పట్టే విద్యను అభ్యసిస్తున్నాయి. అక్కడ కూడా ఆరంభం కూర్చో, ఉండు, రా అన్న మాటలతోనే.

ఈ అభ్యసనం ఎలా జరుగుతుందో శాస్త్రీయంగా వివరించిన వారిలో ప్రథముడు రష్యా శరీరధర్మ శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్. జీర్ణప్రక్రియ మీద చేసిన కృషికి 1904లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆ పరిశోధనలు జరుగుతున్నప్పుడే, ఆహారం నోటికి అందకముందే శునకాలకు లాలాజలం ఊరడాన్ని ఆయన గమనించాడు. మెట్రోనోమ్ చప్పుడు వినిపించి వెంటనే ఆహారం పెట్టడం కొన్నాళ్లు సాగిస్తే, ఆ చప్పుడుకే లాలాజలం ఊరసాగింది. దీనినే మనోవిజ్ఞాన శాస్త్రంలో నిబంధిత ప్రతిచర్య అంటారు. అమెరికాకు చెందిన థార్న్‌డైక్ 1898లో పిల్లులను పెట్టెలో ఉంచి చేసిన ప్రయోగాలు మరొక సంగతిని బయటపెట్టాయి. సంతృప్తికరమైన ఫలితాన్నిచ్చిన చర్య మళ్లీ మళ్లీ జరుగుతుంది. ఇవ్వనిది క్రమంగా మానుతుంది. 1938లో స్కిన్నర్ ఈ సూత్రాన్ని విస్తరించి, చర్య వెంట వచ్చే మేలును పునర్బలనం అన్నాడు. 1951లో సామాన్య పాఠకుల కోసం జంతువులకు నేర్పే విధానాన్ని వివరిస్తూ ఆయన రాసిన వ్యాసంలో, నొక్కితే టక్కుమనే చిన్న ఆటవస్తువును వాడమని సూచించాడు. సరైన పని జరిగిన క్షణాన ఆ చప్పుడు చేసి, వెంటనే ఆహారం ఇవ్వాలి. అప్పుడు శునకానికి తాను ఏ పనికి బహుమతి పొందుతున్నదో స్పష్టమవుతుంది. డాల్ఫిన్లకు శిక్షణ ఇచ్చిన కరెన్ ప్రయర్ 1984లో రాసిన పుస్తకం ద్వారా ఈ పద్ధతి ఇంటింటి శునకానికీ అందింది.

ఆ ఆటవస్తువు లేకపోయినా ఇబ్బంది లేదు. "శభాష్" అన్న ఒక్క మాట అదే పని చేస్తుంది. కావలసినది క్షణం తప్పకపోవడం. శునకం కూర్చున్నాక, యజమాని వంటింట్లోకి వెళ్లి డబ్బా తెరిచి బిస్కట్ తెచ్చేలోగా అది లేచి తోక ఊపుతూ నిలబడుతుంది. అప్పుడు ఇచ్చిన బిస్కట్ లేచి నిలబడినందుకే అవుతుంది. సరైన పనికీ బహుమతికీ మధ్య ఒకటి రెండు సెకన్లకు మించి వ్యవధి ఉండరాదు. అందుకే తాయిలాన్ని ముందుగానే చేతిలోనో జేబులోనో ఉంచుకోవాలి. శనగగింజంత ముక్క చాలు. ఉప్పూ కారమూ మసాలా లేకుండా ఉడికించి ఎముకలు తీసిన కోడిమాంసం, ఉడికిన గుడ్డు, క్యారెట్ ముక్కలు ఇందుకు తగినవి. చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి శునకానికి హానికరం. ముద్దు చేస్తూ పాయసంలోని కిస్మిస్ పెట్టేవారు ఇది గుర్తుంచుకోవాలి. పాఠం ఐదు నిమిషాలకు మించకూడదు. రోజుకు రెండు మూడు పర్యాయాలు, అన్నం పెట్టడానికి ముందు, ఇల్లు ప్రశాంతంగా ఉన్న వేళ చేయించాలి. గంటసేపు ఏకధాటిగా చెప్పిన పాఠం ఏ విద్యార్థికీ తలకెక్కదు.

కూర్చోవడం అన్నిటికంటే సులభం కనుక దానితో ఆరంభించడం ఆచారం. తాయిలం ముక్కను వేళ్ల మధ్య పట్టుకొని శునకం ముక్కు దగ్గర ఉంచాలి. అది వాసన చూస్తుండగా చేతిని మెల్లగా తల మీదుగా వెనక్కు జరపాలి. ముక్కు పైకి లేస్తుంది. తల వెనక్కు వాలుతుంది. దేహపు బరువుకు నడుము భాగం తనంతట తానే నేలకు ఆనుతుంది. ఆ క్షణంలోనే "శభాష్" అని ముక్కను ఇవ్వాలి. చేతిని మరీ ఎత్తితే శునకం ఎగురుతుంది. మరీ త్వరగా జరిపితే వెనక్కు నడుస్తుంది. వెనక్కు నడిచేదాన్ని గోడ మూలన నిలబెడితే సరిపోతుంది. వీపును చేతితో అదిమి కూర్చోబెట్టడం కొందరికి అలవాటు. అలా చేస్తే శునకం తన బలంతో ఎదురు నిలుస్తుందే తప్ప నేర్చుకోదు. ఎదుగుతున్న కూనల తుంటి కీళ్లకు కూడా అది మంచిది కాదు.

ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. ఈ దశలో "కూర్చో" అన్న మాటను అసలు పలకకూడదు. చేయి కదిలితే శునకం తప్పకుండా కూర్చుంటున్నదని రూఢి అయిన తరువాతనే, చేయి కదపడానికి ఒక్క క్షణం ముందు ఆ మాట చెప్పాలి. కొద్ది రోజులలో మాట వినగానే, చేయి కదలకముందే కూర్చోవడం కనిపిస్తుంది. పావ్లోవ్ చప్పుడు చేసిన పనే ఇక్కడ మాట చేస్తున్నది. ఆరంభం నుంచే "కూర్చో, కూర్చో, కూర్చో" అని పదిసార్లు జపించేవారి శునకం ఆ మాటకు అర్థం లేదని నేర్చుకొంటుంది. లేదా పదవసారి అన్నప్పుడు కూర్చోవాలని నేర్చుకొంటుంది. రెండవది మరింత తెలివైన శునకం అనుకోవాలి.

ఆ తరువాత చేతిలో తాయిలం లేకుండా అదే సైగ చేసి, బహుమతిని మరో చేతి నుంచి ఇవ్వాలి. పాఠం స్థిరపడ్డాక ప్రతిసారీ ఇవ్వక, రెండుసార్లకొకసారి, నాలుగుసార్లకొకసారి, లెక్క తెలియకుండా ఇవ్వాలి. ఎప్పుడు దక్కుతుందో తెలియని బహుమతికి అభ్యాసాన్ని నిలబెట్టే శక్తి ఎక్కువని స్కిన్నర్ ప్రయోగాలు నిరూపించాయి. పేకాట వ్యసనం వదలకపోవడానికి కారణం కూడా అదే.

ఆజ్ఞలు ఏ భాషలో ఉండాలి? మన ఊళ్లలో శునకానికి టామీ అని పేరు పెట్టి, సిట్, కమ్, స్టే అని ఆజ్ఞాపించడం చాలామందికి అలవాటు. శునకానికి భాష తెలియదు, ధ్వని తెలుసు. తెలుగు మాట ఇంగ్లీషు మాటకు ఏమాత్రం తీసిపోదు. అయితే తెలుగు క్రియాపదంతో ఒక చిక్కు ఉన్నది. మన్ననను బట్టి, చనువును బట్టి, ప్రాంతాన్ని బట్టి అది రూపం మార్చుకొంటుంది. కూర్చో, కూచో, కూకో, కూసో, కూర్చోరా, కూర్చోవమ్మా. మనిషికి ఇవన్నీ ఒకటే, శునకానికి ఆరు వేర్వేరు ధ్వనులు. ఇంట్లో తాతగారు ఒక రూపం, మనుమరాలు మరొక రూపం వాడితే అది తెల్లబోయి చూస్తుంది. ఇక "రా" అన్న ఆజ్ఞ మరీ ఇబ్బందికరం. "ఏమిరా", "పోరా", "తినరా", "వద్దురా" అని ప్రతి వాక్యం చివరా తెలుగువారి నోట రాకారం దొర్లుతూనే ఉంటుంది. రోజుకు వందసార్లు అర్థం లేకుండా వినిపించే ధ్వని ఆజ్ఞగా పనికిరాదు. పైగా రాజు అనో రాణి అనో పేరున్న శునకానికి "రా" అంటే సగం పేరు పిలిచినట్లే ఉంటుంది. "ఇటురా" అనో, "దా దా" అనో ఇంటిల్లిపాదీ ఒక్క మాటను నిర్ణయించుకోవడం ఉత్తమం. "వద్దు", "వదులు" అన్న రెండింటి ఆరంభం ఒకటే కనుక, నోటిలోనిది విడవడానికి "ఇచ్చేయ్" వంటి వేరే మాట మేలు. ఈ మాటలను ఒక కాగితం మీద రాసి గోడకు అంటించిన ఇళ్లలో శిక్షణ త్వరగా పూర్తవుతుంది.

మాటల విషయంలో శునకం శక్తిని తక్కువగా అంచనా వేయరాదు. జర్మనీలో రికో అనే శునకం 200కు పైగా వస్తువుల పేర్లను గుర్తించగలదని 2004లోనూ, అమెరికాలో చేసర్ అనే శునకం 1,022 బొమ్మల పేర్లను గుర్తించగలదని 2011లోనూ పరిశోధకులు ప్రకటించారు. ఇవి అసాధారణమైన జీవులు. ప్రతి ఇంటి శునకం నుంచి అంత ఆశించడం న్యాయం కాదు. సామాన్య శునకం మాట కంటే ముందు మనిషి దేహాన్ని చదువుతుంది. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తున్నదని ఒకప్పుడు లోకం ఆశ్చర్యపోయింది. అది ప్రశ్నించేవారి తలలోని అతి సూక్ష్మమైన కదలికను చూసి డెక్క తట్టడం ఆపుతున్నదని 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ తేల్చాడు. శునకం విషయంలోనూ అదే జరుగుతుంది. మాట నేర్చుకొన్నదో లేదో తెలియాలంటే, చేతులు కట్టుకొని, కదలకుండా ఒక్కసారి మాట మాత్రమే పలికి చూడాలి. చాలామంది యజమానులకు ఆ పరీక్ష నిరాశ కలిగిస్తుంది.

పడుకోమనడం నేర్పడానికి, కూర్చున్న శునకం ముక్కు దగ్గరి తాయిలాన్ని నిట్టనిలువుగా ముందుకాళ్ల మధ్య నేలకు దించితే చాలు. ఉన్నచోట ఉండడం అంత సులువు కాదు. ఇందులో మూడు అంశాలు ఉన్నాయి. ఎంతసేపు ఉండాలి, యజమాని ఎంత దూరంలో ఉంటాడు, చుట్టూ ఎంత సందడి ఉన్నది. ఒకసారి ఒక అంశాన్నే పెంచాలి. ముందు రెండు క్షణాలు, తరువాత ఐదు, ఆ తరువాత పది. కాలం స్థిరపడిన తరువాత ఒక అడుగు వెనక్కు. దూరం పెంచినప్పుడు కాలాన్ని తిరిగి తగ్గించాలి. శునకం లేచి వచ్చిందంటే అది మొండికేసిందని కాదు, యజమాని తొందరపడ్డాడని అర్థం. బహుమతిని ఎప్పుడూ శునకం దగ్గరకు తిరిగి వెళ్లి ఇవ్వాలి. పిలిచి ఇస్తే, ఎప్పుడు పిలుస్తారా అని అది ముందే లేవడానికి సిద్ధంగా ఉంటుంది.

వంటింట్లో చక్కగా కూర్చొనే శునకం గేటు దగ్గర ఆ మాటను విననట్లే ఉండడం అందరికీ అనుభవంలో ఉన్నదే. దానిని అహంకారం అనుకొంటారు. ఒకచోట నేర్చినదాన్ని మరొకచోటికి అన్వయించడంలో శునకం మనిషి కంటే మందగతి. దాని దృష్టిలో "వంటింట్లో కూర్చో" వేరు, "వీధిలో కూర్చో" వేరు. కనుక ప్రతి పాఠాన్నీ వరండాలో, డాబా మీద, వీధిలో, బంధువుల ఇంట్లో మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. రెండవచోట మొదటిచోటి కంటే త్వరగా, మూడవచోట ఇంకా త్వరగా వస్తుంది.

అన్నిటిలోకి విలువైనది పిలిస్తే రావడం. లారీలు తిరిగే రోడ్డు అంచున శునకం ప్రాణం ఈ ఒక్క మాట మీద ఆధారపడి ఉంటుంది. విచిత్రమేమంటే యజమానులు ఎక్కువగా పాడు చేసుకొనే ఆజ్ఞ కూడా ఇదే. ఆట మధ్యలో పిలిచి గొలుసు వేస్తారు. పిలిచి స్నానం చేయిస్తారు. పిలిచి మందు మింగిస్తారు. పారిపోయి అరగంట తరువాత వచ్చినదాన్ని పట్టుకొని కొడతారు. వచ్చినందుకు దెబ్బ తిన్న శునకం మరుసటిసారి ఎందుకు వస్తుంది? స్నానానికైతే యజమానే దాని దగ్గరకు వెళ్లాలి. పిలుపు మాత్రం ఎప్పుడూ మేలుకే కావాలి. నేర్పే రోజుల్లో మెడ పట్టీకి ఐదు నుంచి పది మీటర్ల తేలికైన తాడు కట్టి, ఖాళీ స్థలంలో తిరగనిచ్చి, అది అటు చూస్తున్నప్పుడు ఒక్కసారి పిలవాలి. వస్తే మామూలు తాయిలం కాక, దానికి అత్యంత ఇష్టమైనది పెట్టి, మళ్లీ ఆడుకోవడానికి వదలాలి. పది పిలుపులలో తొమ్మిదిసార్లు ఆట తిరిగి దొరుకుతుందని తెలిస్తే పదవసారి గొలుసు వేసినా అది అలగదు. రానప్పుడు వెంటపడి తరమకూడదు. శునకానికి అదొక ఆట. వ్యతిరేక దిశలో నాలుగడుగులు పరుగెత్తితే అదే వెంట వస్తుంది. బహుమతిని అప్పుడప్పుడు మాత్రమే ఇవ్వాలన్న నియమం ఈ ఒక్క ఆజ్ఞకు వర్తింపజేయకపోవడం వివేకం.

నోటిలోనిది ఇచ్చివేయడం కూడా ప్రాణరక్షణకు సంబంధించినదే. వీధిలో కోడి ఎముకలు, ఎలుకల మందు కలిపిన ముద్దలు, పగిలిన ప్లాస్టిక్ ముక్కలు శునకం కంటపడుతూనే ఉంటాయి. నోరు పెగలదీసి లాగితే, మరుసటిసారి అది దొరికినదాన్ని గబుక్కున మింగడమే నేర్చుకొంటుంది. మార్పిడి పద్ధతి మంచిది. బొమ్మ నోట ఉన్నప్పుడు తాయిలం చూపాలి; బొమ్మ విడవగానే తాయిలం ఇచ్చి, బొమ్మను కూడా తిరిగి ఇవ్వాలి. విడిస్తే నష్టం లేదని తెలిసిన శునకం ఎముకను కూడా విడుస్తుంది. నడకలో లాగే శునకానికి సూత్రం మరింత చిన్నది. గొలుసు బిగిసినంతసేపు యజమాని కదలకుండా నిలబడాలి, సడలినప్పుడే అడుగు వేయాలి. మొదటి వారం వీధి చివరికి చేరడానికి అరగంట పట్టవచ్చు.

ఇంట్లోవారి ఐకమత్యం లేకపోతే ఇవేవీ నిలవవు. భోజనాల దగ్గర పెట్టకూడదని అందరూ తీర్మానించుకొన్నా, జాలిగుండె గల బామ్మగారు బల్ల కింద నుంచి ఇడ్లీ ముక్క జారవిడుస్తారు. శునకం దృష్టిలో ఆ ఇంటి నియమం బామ్మగారిదే. అలవాటైన దురభ్యాసాన్ని పట్టించుకోకుండా వదిలితే అది పోయే ముందు ఒకసారి విజృంభిస్తుందన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. ఇప్పటివరకు మొరిగితే దక్కినది దక్కనప్పుడు శునకం మరింత గట్టిగా మొరుగుతుంది. ఆ క్షణంలో విసిగి ఇచ్చామా, గట్టిగా మొరగాలని నేర్పినట్లే. పంటి బిగువున నాలుగు రోజులు ఓర్చినవారే గెలుస్తారు.

"శిక్ష" అన్న పదం చరిత్ర ఇక్కడ స్మరించదగినది. సంస్కృతంలో దానికి నేర్పడం, అభ్యసించడం అని అర్థం. వేదాంగాలలో ఉచ్చారణను బోధించే శాస్త్రానికి శిక్ష అని పేరు. తెలుగులో ఆ మాట దండనగా స్థిరపడింది. అర్థం తప్పుదారి పట్టినట్లే ఆచరణ కూడా పట్టింది. జర్మనీలో పోలీసు శునకాలను తీర్చిదిద్దిన కాన్రాడ్ మోస్ట్ 1910లో ప్రకటించిన గ్రంథంలో బలప్రయోగానికి పెద్ద స్థానమే ఉన్నది. తోడేళ్ల గుంపులో బలవంతుడే నాయకుడై మిగిలినవాటిని అణచి ఉంచుతాడన్న సిద్ధాంతం ఆ ధోరణికి తోడైంది. యజమాని కూడా అలాంటి నాయకుడు కావాలనీ, శునకాన్ని వెల్లకిలా పడవేసి లొంగదీయాలనీ బోధించినవారు ఉన్నారు. ఆ సిద్ధాంతానికి మూలం 1947లో షెంకెల్ ప్రకటించిన పరిశీలన. ఆయన చూసినవి బంధంలో, ఒకదానికొకటి బంధుత్వం లేకుండా కూడిన తోడేళ్లు. 1970లో తన గ్రంథం ద్వారా ఆ భావనకు ప్రచారం కల్పించిన డేవిడ్ మెక్ అనే శాస్త్రవేత్తే, అడవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లను ఏళ్ల తరబడి గమనించి, గుంపు అంటే తల్లీ తండ్రీ పిల్లలూ కలిసిన కుటుంబమేనని 1999లో రాశాడు. తన మాటను తానే సవరించుకొన్న ఆ పండితుని వ్యాసం కంటే పాత గ్రంథానికే నేటికీ ఎక్కువ ప్రచారం ఉండడం విచారకరం.

దెబ్బ ఎందుకు పనికిరాదో మహాభారతం ఆదిపర్వం ఆరంభంలోనే ఒక కథ ఉన్నది. జనమేజయుని యాగశాల దగ్గరకు దేవశుని సరమ కుమారుడు సారమేయుడు వస్తాడు. రాజు తమ్ముళ్లు వాడిని కొడతారు. వాడు హవిస్సును ముట్టలేదు, కన్నెత్తి చూడలేదు. కొడుకు ఏడుపు విని సరమ వచ్చి, ఏ తప్పు చేశాడని కొట్టారని నిండు సభలో అడుగుతుంది. సమాధానం లేదు. తప్పు చేయనివాడిని కొట్టినందుకు అనుకోని భయం మీకు కలుగుతుందని శపించి వెళుతుంది. నన్నయ భారతం చదివినవారికి ఈ సన్నివేశం సుపరిచితమే. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, పొద్దున చింపిన చెప్పును చూపించి శునకాన్ని కొట్టే గృహస్థుడిని సరమ అడిగితే ఆయన వద్ద సమాధానం ఉంటుందా? చెప్పు చిరిగి ఎనిమిది గంటలైంది. ఆ దెబ్బను శునకం చెప్పుతో ముడిపెట్టలేదు. తలుపు తెరుచుకొని యజమాని రావడంతో ముడిపెడుతుంది. అది తల వంచి, చెవులు వెనక్కు వాల్చి మూలకు చేరితే, తప్పు తెలుసుకొన్నదని యజమాని సంబరపడతాడు. అది పశ్చాత్తాపం కాదు, భయం.

ఆ భయం అక్కడితో ఆగదు. గుర్రుమన్నందుకు దెబ్బలు తిన్న శునకం గుర్రుమనడం మానుతుంది, కోపం మానదు. హెచ్చరిక లేకుండా కరిచే శునకాలలో కొన్ని ఇలా తయారైనవే. నిజానికి గుర్రుమనడం కంటే ముందే శునకం తన ఇబ్బందిని ఎన్నో విధాల తెలుపుతుంది. నిద్ర వేళ కాకున్నా ఆవులించడం, పెదవులు నాక్కోవడం, ముఖం పక్కకు తిప్పుకోవడం, కంటి తెలుపు కనిపించేలా ఓరగా చూడడం ఆ సూచనలు. తోక ఊపడం ఎప్పుడూ స్నేహానికే అనుకోరాదు. బిగిసిన దేహంతో, నిక్కిన తోకతో ఊపడం వేరు. ఇంట్లో శునకానికి ఎంత శిక్షణ ఇచ్చినా, పసిపిల్లలకు కూడా కొంత చెప్పక తప్పదు. తినేటప్పుడు కదిలించకూడదు, నిద్రలో మీద పడకూడదు, మెడ చుట్టూ చేతులు వేసి బిగించకూడదు. రేబిస్ అనుమానం ఉన్న జంతువుల కాటుకు గురయ్యే వారిలో సుమారు 40 శాతం 15 ఏళ్ల లోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మనుషులకు సోకే రేబిస్‌లో 99 శాతం వరకు శునకాల వల్లనే వస్తుంది. ఎంత మాట వినే శునకానికైనా ఏటా పశువైద్యుని సలహా ప్రకారం టీకా వేయించాలి. ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకుపోవాలి. పసుపు, కారం, ఆకుపసరు పూయడం ప్రాణాంతకమైన జాప్యానికి దారితీస్తుంది.

శిక్షణ ఆరంభించడానికి తగిన వయస్సు ఏది అన్న ప్రశ్న తరచుగా వినబడుతుంది. స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రజ్ఞులు అమెరికాలో దీర్ఘకాలం పరిశోధించి 1965లో ప్రకటించిన గ్రంథం ప్రకారం, మూడవ వారం నుంచి సుమారు పన్నెండవ వారం వరకు కూన లోకాన్ని పరిచయం చేసుకొనే కాలం. ఆ వయస్సులో ఆటోల మోత, గొడుగు తెరిచిన చప్పుడు, టోపీ పెట్టుకొన్న మనుషులు, చిన్నపిల్లల కేరింతలు పరిచయమైన కూన పెద్దయ్యాక వాటికి బెదరదు. టీకాలు పూర్తి కాని కూనను వీధి నేల మీద దించితే పార్వో వంటి వ్యాధులు సోకే ప్రమాదం ఉన్నది కనుక చంకన ఎత్తుకొని తిప్పడం క్షేమం. రెండు నెలల కూన "కూర్చో" అన్న మాటను రెండు మూడు రోజులలో పట్టుకొంటుంది. అలాగని పెద్ద శునకాలు నేర్వవనడం సరికాదు. వీధి నుంచి తెచ్చిన నాలుగైదేళ్ల శునకాలు కూడా నేర్చుకొంటాయి. వాటికి కావలసినది కొంచెం ఎక్కువ ఓపిక, మొదటి వారాలలో భయం తీరేవరకు పాఠాల నుంచి విరామం.

మాటతో పాటు చేతి సైగను కూడా విడవకుండా వాడుతూ ఉండడం మంచిదని అనుభవజ్ఞులు చెబుతారు. పది పన్నెండేళ్లు వచ్చేసరికి చాలా శునకాలకు వినికిడి తగ్గుతుంది. పిలిచినా పలకడం లేదని ఇంట్లోవారు నొచ్చుకొంటారు. చిన్నప్పటి నుంచి సైగకు అలవాటుపడినది, గుమ్మం దగ్గర నిలబడి చేయి ఎత్తగానే చూసి, మెల్లగా లేచి వస్తుంది.